ఇంటి తోటలో కంచె మొక్కలు కత్తిరించడానికి ఎటువంటి హెడ్జ్ ట్రిమ్మర్ తీసుకోవాలి?

గోరింట_వాకిలి (హనుమకొండ)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంటికి రోడ్డు వైపు గోడకు బదులు గోరింట కంచె ఉంది. అది దాదాపు 22 మీటర్ల పొడవు, నా భుజం ఎత్తు. లోపల నడకదారికి ఇరువైపులా మోకాలి ఎత్తున పసుపు దురంటా, వెనుక మూలన బోగన్‌విలియా పెంచుతున్నాం. ఇంతకాలం పెద్ద కత్తెరతోనే కత్తిరిస్తూ వచ్చాను. అరవై దాటిన తరువాత గోరింట ఒక పక్క పూర్తయ్యేసరికి మణికట్లు పట్టేస్తున్నాయి. వానాకాలంలో అయితే నేను రెండో చివరకు చేరేలోగా మొదటి చివర మళ్లీ చిగురించి ఉంటుంది. అందుకని హెడ్జ్ ట్రిమ్మర్ కొనాలని నిశ్చయించుకున్నాను. అయితే దుకాణాల్లో ఒకరు వాట్లు చూడమంటారు, ఒకరు వోల్టులు చూడమంటారు, మరొకరు పెట్రోలు యంత్రమే మంచిదంటారు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు వచ్చే నెల వస్తూ అక్కడి నుంచి ఒకటి తెస్తానంటున్నాడు. తీగ ఉన్నది తీసుకోవాలా, బ్యాటరీదా, పెట్రోలుదా? బ్లేడు ఎంత పొడవుండాలి? అనుభవమున్నవారు కారణాలతో సహా చెప్పగలరని మనవి.

పచ్చనిగోడ (హైదరాబాద్)

నమస్కారం గోరింట_వాకిలి గారూ. యంత్రం సంగతి తరువాత చూద్దాం, ముందు మీ మొక్కల సంగతి తేలాలి. ఒక స్కేలు తీసుకుని వెళ్లి, మీరు సాధారణంగా కత్తిరించే చోట గోరింట కొమ్మ ఎంత లావుందో పది పన్నెండు చోట్ల కొలవండి. ట్రిమ్మర్ వివరాల్లో వాట్ల కంటే ముందు చూడవలసింది బ్లేడు పళ్ల మధ్య సందు. ఇళ్లలో వాడే చిన్న యంత్రాల్లో అది 15 నుంచి 20 మిల్లీమీటర్ల వరకు, పెద్దవాటిలో 24 నుంచి 34 వరకు ఉంటుంది. సందు 16 మిల్లీమీటర్లని రాసి ఉంటే 16 మిల్లీమీటర్ల కొమ్మ హాయిగా తెగుతుందని చాలామంది అనుకుంటారు. అంత లావు కొమ్మ ఆ సందులోకి దూరగలదన్నంత వరకే దాని అర్థం. లేత పచ్చి రెమ్మ అయితే తెగవచ్చు గాని, ముదిరిన గోరింట కర్ర చాలా గట్టిది కాబట్టి దానికి 10 మిల్లీమీటర్ల దగ్గర గీత గీసుకోవడం క్షేమం. అంతకు మించిన కొమ్మలను ముందుగా చేతి ప్రూనర్‌తోనో (కొమ్మలు కత్తిరించే చిన్న కత్తెర), పొడుగు పిడుల లాపర్‌తోనో తీసేసి, ఆ తరువాతే ట్రిమ్మర్ పట్టాలి. ఈ పద్ధతి పాటిస్తే చిన్న యంత్రమే చాలాకాలం మన్నుతుంది. లేకపోతే ఎంత ఖరీదైనదైనా కొమ్మ ఇరుక్కున్న ప్రతిసారీ మోటారు మీద భారం పడుతుంది.

రెండో విషయం బ్లేడు నడిచే తీరు. కొన్నింటిలో ఒక బ్లేడు కదలకుండా ఉండి రెండోది మాత్రమే ముందుకూ వెనక్కూ జరుగుతుంది, కొన్నింటిలో రెండూ ఒకదానికొకటి ఎదురుగా కదులుతాయి. రెండూ కదిలే రకంలో ఒకదాని ఊపును రెండోది చాలావరకు రద్దు చేస్తుంది గనుక చేతికి వచ్చే అదురు బాగా తగ్గుతుంది. మణికట్ల నొప్పి గురించి రాశారు కాబట్టి మీరు ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దు.

నర్సరీ_నీడ (కడియం)

మా కుటుంబం కడియపులంక దగ్గర నర్సరీలోనే బతుకుతోంది కాబట్టి మొక్కల వైపు నుంచి నాలుగు మాటలు రాస్తాను. ట్రిమ్మర్‌కు బాగా లొంగేవి చిన్న ఆకుల మొక్కలు. దురంటా, గోరింట, మురయా, చిన్న ఆకుల ఫైకస్ ఈ కోవలోవి. వీటిలో కత్తిరింపు గీత వెంటనే కనపడకుండా కొత్త చిగురు కమ్మేస్తుంది. పెద్ద ఆకుల మందార, క్రోటన్, అకాలిఫాలను ట్రిమ్మర్‌తో కొడితే ఆకు సగానికి చీలి, ఆ చీలిక అంచు గోధుమరంగుకు తిరిగి, వారం పది రోజులు కంచె మొత్తం మాడినట్టు కనిపిస్తుంది. వాటికి చేతి ప్రూనరే మేలు. నూరువరహాలకు పూలు కొమ్మ చివరల్లోనే వస్తాయి గనుక తరచుగా పైపైన కొడుతూ ఉంటే మొగ్గలన్నీ పోయి, ఆకులు తప్ప పువ్వు కనిపించదు. మీ బోగన్‌విలియాను కూడా ఈ యంత్రం లెక్కలోకి తీసుకోకండి. దాని ముళ్ల తీగలు బ్లేడుకు చిక్కి, విసురుగా చేతుల మీదకు వస్తాయి. పూత అయిపోయాక మందపాటి తోలు చేతి తొడుగులు వేసుకుని ప్రూనర్‌తో తీయండి.

ఇక గోరింట. చెట్టు ముదిరే కొద్దీ పక్క రెమ్మల చివరలు ముళ్లుగా మారతాయి, కాబట్టి దాన్ని కొట్టేటప్పుడు పూర్తి చేతుల చొక్కా తప్పనిసరి. దాని గుణం మంచిది. నేలకు కాస్త పైదాకా కొట్టినా తిరిగి చిగురిస్తుంది. పసుపు దురంటా వానాకాలంలో మూడు నాలుగు వారాలకోసారి కత్తెర అడుగుతుంది. అంటే మీకు కావలసింది ఏడాదికి రెండుసార్లు భారీ పని చేసే యంత్రం కాదు, తరచుగా తేలిక పని చేసేది. ఎప్పుడంటే అప్పుడు మేకు మీద నుంచి తీసి పట్టుకోగలిగేదై ఉండాలి.

తీగలవాడు (విజయవాడ)

విద్యుత్ పనిలో ఉన్నవాడిగా తీగ ఉన్న యంత్రాల గురించి రాస్తాను, ఎందుకంటే వాటి మీద అనవసరమైన భయమూ ఉంది, అవసరమైన భయం లేకపోవడమూ ఉంది. అనవసరమైన భయం పొడుగు వైరు గురించి. 600 వాట్ల ట్రిమ్మర్ 230 వోల్టుల దగ్గర తీసుకునేది రెండున్నర ఆంపియర్ల పైచిలుకు మాత్రమే. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగతో 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వేసినా దారిలో పోయేది సుమారు 3 వోల్టులు. మోటారుకు ఆ తేడా తెలియను కూడా తెలియదు. అయితే వైరు చుట్టను పూర్తిగా విప్పి వాడాలి, మధ్యలో టేపు చుట్టిన అతుకు ఒక్కటి కూడా ఉండకూడదు.

అవసరమైన భయం బ్లేడు వైరు మీద పడటం గురించి. ఇది అరుదైన ప్రమాదం కాదు, తీగ ఉన్న ట్రిమ్మర్ వాడే ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. మీ ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో చూసుకోండి. దాని మీద పరీక్ష మీట ఉంటుంది. అది నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే ఆర్‌సీసీబీ ఉన్నా లేనట్టే. మామూలు ఎంసీబీ షార్ట్ సర్క్యూట్‌కూ అధిక భారానికీ పడుతుంది గాని, మనిషి ఒంటి గుండా భూమిలోకి పోయే కొద్దిపాటి కరెంటును గుర్తించలేదు. పని చేసేటప్పుడు వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకుని, ప్లగ్గు ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి దూరంగా జరుగుతూ పోతే వైరు ఎప్పుడూ మీ వెనకే ఉంటుంది. తడి ఆకుల మీద తీగ యంత్రం వద్దు.

ఇవన్నీ పాటించగలిగితే తీగ ఉన్నదే చవక, తేలిక. ఉదాహరణకు బాష్ ఏహెచ్ఎస్ 45-16 అనే రకం 420 వాట్లు, 45 సెంటీమీటర్ల బ్లేడు, బరువు రెండున్నర కిలోల పైన కాస్త. బ్యాటరీ ముసలిదవుతుందన్న బెంగ ఉండదు. కానీ మీ కంచె రోడ్డు వైపు ఉంది, బయట పక్క కత్తిరించాలంటే వైరు గేటు దాటి రావాలి. ఆ ఒక్క కారణంతో నేను మీకు బ్యాటరీదే సూచిస్తాను.

కొత్తమొలక (గుంటూరు)

మధ్యలో ఒక సందేహం, మన్నించండి. ఒక కంపెనీ యంత్రం మీద 18 వోల్టులనీ, ఇంకో దాని మీద 20 వోల్టులనీ ఉంది. 20 రాసినదే ఎక్కువ బలమని దుకాణదారు గట్టిగా చెబుతున్నాడు. నిజమేనా?

తీగలవాడు (విజయవాడ)

నిజం కాదండీ. రెండింటిలోనూ ఉండేవి వరుసగా కలిపిన ఐదు లిథియం అయాన్ సెల్స్. ఒక్కో సెల్ సగటున 3.6 వోల్టులు, అంటే ఐదూ కలిపి 18. అప్పుడే ఛార్జింగ్ పూర్తయినప్పుడు ఒక్కోటి 4 వోల్టులు, ఆపైన చూపిస్తుంది గనుక 20 అని కూడా రాయవచ్చు. ఒకే బ్యాటరీకి ఒకరు సగటు రాస్తున్నారు, ఒకరు గరిష్ఠం రాస్తున్నారు. పోల్చవలసింది వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించగా వచ్చే వాట్ అవర్లను. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లు అయితే 36 వాట్ అవర్లు. 4 ఆంపియర్ అవర్లదైతే 72. రెండోది రెట్టింపు సేపు నడుస్తుంది, కానీ బరువు కూడా పెరుగుతుంది. 36, 40 వోల్టుల యంత్రాలు నిజంగానే వేరే తరగతివి, అవి లావు కొమ్మల కోసం.

దూరపు_తోట (డల్లాస్, టెక్సస్)

తమ్ముడి చేత తెప్పించుకునే విషయం మీద నాకు తెలిసినది చెబుతాను. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ కొన్న తీగ యంత్రాన్ని అక్కడ 230 వోల్టుల ప్లగ్గులో పెడితే మోటారు కాలిపోతుంది. తగిన ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కుని, దాన్ని కూడా తోటలోకి మోసుకు తిరగాలి, అది అర్థం లేని పని. బ్యాటరీ యంత్రం నడుస్తుంది గాని, ఛార్జర్ మీద ముద్రించిన ఇన్‌పుట్ వరుస తప్పక చదవమనండి. 100 నుంచి 240 వోల్టులని ఉంటే సరే, 120 అని మాత్రమే ఉంటే ఆ ఛార్జర్ అక్కడ పనికిరాదు. ఇక్కడ అమ్మే పనిముట్ల ఛార్జర్లలో 120 మాత్రమే ఉన్నవి చాలా ఉన్నాయి.

విమానంలో విడి లిథియం బ్యాటరీలను చెక్‌ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు. అవి చేతి సంచీలోనే రావాలి. 100 వాట్ అవర్ల లోపు వాటికి ఇబ్బంది ఉండదు, దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. బ్లేడున్న యంత్రం మాత్రం చెక్‌ఇన్ పెట్టెలోనే పోవాలి. ఇంత చేసి తెచ్చుకున్నా, రేపు బ్లేడు విరిగితేనో బ్యాటరీ పాడైతేనో ఇక్కడి వారంటీ హనుమకొండలో చెల్లదు. మీ ఊళ్లో విడిభాగాలు దొరికే కంపెనీదే కొనుక్కోండి. తమ్ముడి చేత మంచి చేతి ప్రూనర్ ఒకటి తెప్పించుకోండి, దానికి వోల్టుల బాధ లేదు.

సముద్రపుగాలి (విశాఖపట్నం)

ఇంతవరకూ ఎవరూ పట్టుకు చూడటం గురించి రాయలేదు. గోరింట_వాకిలి గారూ, దయచేసి ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనకండి. దుకాణానికి వెళ్లి, బ్యాటరీ తగిలించిన యంత్రాన్ని భుజం ఎత్తున అడ్డంగా పట్టుకుని, కంచె పైభాగం చదును చేస్తున్నట్టు రెండు నిమిషాలు ఇటూ అటూ ఆడించండి. కాగితం మీద మూడు కిలోలు తక్కువే అనిపిస్తుంది గాని, చేతులు చాచి పట్టుకున్నప్పుడు బరువు ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. బ్యాటరీ వెనుక పిడి దగ్గర ఉండి, ముందు పిడి దగ్గర తూకం సమంగా నిలిస్తే భుజం అలసిపోదు. బ్లేడు పొడవు పెరిగిన కొద్దీ ముందుకు తూలుతుంది. నేను ఐదడుగుల మనిషిని. 60 సెంటీమీటర్లది పట్టుకుంటే ముక్కు కిందకి దిగిపోతుంటే దాన్ని ఎత్తి పట్టడానికే నా బలమంతా సరిపోయింది. 45 తీసుకున్నాను, మా మురయా కంచెకు చక్కగా సరిపోతోంది. మీ గోరింట రెండు వైపుల నుంచీ అందేటట్టయితే 50 దాటనక్కరలేదు.

ముందు పిడి చుట్టూ తిరిగి వచ్చే గుండ్రని రకమైతే నిలువుగా పక్కలు కొట్టేటప్పుడు, అడ్డంగా పైభాగం కొట్టేటప్పుడు పట్టు మార్చుకోవడం సులువు. రెండు పిడుల మీదా మీట ఉండి, రెండు చేతులూ నొక్కితేనే నడిచేదై ఉండాలి. ఒక చేతిని వదిలిన వెంటనే బ్లేడు ఆగిపోవాలి. కొన్ని చవక రకాల్లో ఒకే చేత్తో నడిచే ఏర్పాటు ఉంటుంది, అవి వద్దు. కోసిన రెమ్మను లాగడానికి చేయి తనంతట తాను ముందుకు పోతుంది, ఎంత జాగ్రత్తపరులకైనా.

మామిడితోపు (చేవెళ్ల)

పెట్రోలు యంత్రాన్ని అందరూ పక్కన పెట్టేశారు కాబట్టి దాని తరఫున కొంత చెప్పాలి. మా తోట చుట్టూ సీమచింత, వాక్కాయ కలిసిన ముళ్లకంచె ఉంది, పొడవు కొన్ని వందల మీటర్లు. అక్కడ ప్లగ్గు లేదు, బ్యాటరీలు మార్చుకుంటూ కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది. స్టిల్ హెచ్ఎస్ 45 వంటి 27.2 సీసీ ఇంజనున్న యంత్రం అటువంటి చోట నిలకడగా పని చేస్తుంది, గట్టి కొమ్మకు వెనుకాడదు. దుకాణాల్లో పెట్రోలుదే మంచిదని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు, వారి దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది మావంటి తోటలవారు.

అయితే దాని చాకిరీ కూడా చెప్పాలి. బరువు 5 కిలోలకు దగ్గర. పెట్రోలులో 2టీ నూనె (టూ స్ట్రోక్ ఇంజన్లకు వాడే నూనె) కలపాలి. కంపెనీని బట్టి లీటరుకు 20 మిల్లీలీటర్లో, 40 మిల్లీలీటర్లో. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కలిపిన ఇంధనాన్ని నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బ్యురేటర్ పొరలు గట్టిపడి, కావలసిన రోజున ఇంజను ఎంత లాగినా అందుకోదు. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్కలు కాలిపోయేదాకా నడిపి ఆపాలి. నెలకోసారి అరగంట వాడేవారికి ఈ చాకిరీ గిట్టుబాటు కాదు, పైగా ఆ చప్పుడుకు చెవులకు రక్షణ లేకుండా నిలబడలేరు. కాబట్టి హనుమకొండ ఇంటి ముందరి గోరింటకు నేను కూడా పెట్రోలుది చెప్పను.

పచ్చనిగోడ (హైదరాబాద్)

మామిడితోపు గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఏది కొన్నా దాన్ని ఎలా చూసుకుంటారన్న దాని మీదే ఆయుష్షు ఆధారపడుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఫైకస్ కొట్టిన రోజు దాని పాలు బ్లేడు మీద ఆరి, జిగురు పొరలా అంటుకుంటాయి. మరునాడు ఆ పొర మీదే బ్లేళ్లు రాసుకుంటే వేడెక్కుతాయి, మోటారు మూలుగుతుంది, బ్యాటరీ సగం సమయానికే అయిపోతుంది. బ్యాటరీ బలహీనపడిందని సర్వీసుకు పట్టుకు వెళ్లేవారిలో కొందరికి కావలసింది ఒక గుడ్డ ముక్క, కొద్దిగా కిరసనాయిలు మాత్రమే. బ్యాటరీ తీసేసి లేదా ప్లగ్గు పీకి, మందపాటి తొడుగు వేసుకుని, బ్లేడును అడుగు నుంచి కొసకు తుడవండి, కొస నుంచి అడుగుకు కాదు. తరువాత పలుచని మిషను నూనె చుక్కలు బ్లేడు పొడవునా వేసి, కొద్ది క్షణాలు నడిపితే రెండు బ్లేళ్ల మధ్యకు చేరుతుంది. సముద్రపుగాలి గారి ఊళ్లో ఈ నూనె వేయడం ఒక్కరోజు మానినా తుప్పు చుక్కలు కనిపిస్తాయి.

పదును తగ్గిందని తెలిసేది ఆకును చూస్తే. కోత శుభ్రంగా ఉండాలి, నార లేచి నలిగినట్టుంటే పదును పోయినట్టే. చదును ఆకురాయితో పంటి ఏటవాలు వైపు మాత్రమే, ఉన్న కోణం చెడకుండా, ఒకే దిశలో రాయాలి. రెండో బ్లేడుతో రాసుకునే చదును వైపు పదును పెట్టకూడదు, అక్కడ లేచిన సన్నని గరుకు మాత్రం తీసేయాలి.

బ్యాటరీ విషయంలో మన ఎండలే పెద్ద శత్రువు. పని చేసి వేడెక్కిన బ్యాటరీని వెంటనే ఛార్జర్‌లో పెట్టకండి, నీడలో చల్లారనివ్వండి. 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగ్ దానికి మంచిది కాదు. మే నెలలో కారులోనో, రేకుల షెడ్డులోనో ఉంచవద్దు. నెలల పాటు వాడని పక్షంలో సగం ఛార్జింగ్‌తో ఇంట్లో చల్లని చోట పెట్టండి.

నర్సరీ_నీడ (కడియం)

కోత గురించి ఒక మాట మిగిలింది. కంచెను కింద వెడల్పుగా, పైకి వెళ్లే కొద్దీ సన్నగా కొట్టండి. పైన వెడల్పైతే నీడ పడి కింది ఆకులు రాలి, మొదలు దగ్గర కర్రలు బయటపడతాయి. అప్పుడు కుక్కలూ మేకలూ దూరే సందులు ఏర్పడతాయి. రెండు కర్రల మధ్య తాడు కట్టుకుని పైభాగం కొడితే వరస చెడదు. పక్కలను కింది నుంచి పైకి, చేతిని వంపుగా తిప్పుతూ కొట్టాలి. మే ఎండల్లో లోతుగా కొడితే అంతవరకు నీడలో ఉన్న లోపలి ఆకులు మాడిపోతాయి, తొలకరి పడేదాకా ఆగండి. మొదలుపెట్టే ముందు కంచెను ఒకసారి చేత్తో విప్పి చూడండి. పిగిలిపిట్టలూ, ఆకులు కుట్టి గూడు కట్టే చిన్న పిట్టలూ భుజం ఎత్తు పొదలనే ఇష్టపడతాయి. పిల్లలున్న గూడు కనిపిస్తే ఆ మీటరు మేర వదిలేసి, రెండు మూడు వారాల తరువాత కొట్టండి. కందిరీగల తుట్టె ఉందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

గోరింట_వాకిలి (హనుమకొండ)

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. చెప్పినట్టే స్కేలుతో కొలిచాను. కోత పడే చోట గోరింట కొమ్మలు ఎక్కువగా 4 నుంచి 7 మిల్లీమీటర్లు, అక్కడక్కడ ముదురువి 14 వరకు ఉన్నాయి. వాటిని ప్రూనర్‌కు వదిలేస్తాను. బోర్డులో ఆర్‌సీసీబీ లేదని తేలింది. ట్రిమ్మర్ కోసం కాకపోయినా అది పెట్టించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను. 18 వోల్టుల బ్యాటరీతో, 50 సెంటీమీటర్ల లోపు బ్లేడు, రెండు బ్లేళ్లూ కదిలే రకం వెతుకుతున్నాను. ఇంట్లో ఇప్పటికే ఉన్న డ్రిల్లు అదే వోల్టేజీది కాబట్టి ఆ కంపెనీలోనే దొరికితే బ్యాటరీ, ఛార్జర్ లేని యంత్రం మాత్రమే కొంటే సరిపోతుందని మా అబ్బాయి అంటున్నాడు, ఇది సరైనదేనా? ఇంకొకటి, వెనుక గోడ పక్కన తొమ్మిది అడుగులు పెరిగిన గన్నేరు వరుస ఉంది. దాన్ని నిచ్చెన ఎక్కి ఇదే యంత్రంతో కొట్టవచ్చా?

తీగలవాడు (విజయవాడ)

మీ అబ్బాయి సరిగ్గా చెప్పారు. అయితే అదే కంపెనీ అయినంత మాత్రాన చాలదు, అదే బ్యాటరీ వరుస కావాలి. కొన్ని కంపెనీలు ఇంటి వాడుకకు ఒక వరుస, వృత్తి పనివారికి మరొక వరుస పెడతాయి, ఒకదాని బ్యాటరీ రెండోదానికి పట్టదు. డ్రిల్లు బ్యాటరీని దుకాణానికి తీసుకువెళ్లి తగిలించి చూసుకోండి. డ్రిల్లుతో వచ్చినది 1.5 ఆంపియర్ అవర్లదైతే 27 వాట్ అవర్లే కాబట్టి 22 మీటర్ల గోరింట రెండు పక్కలా, పైనా పూర్తి కావడానికి మధ్యలో ఛార్జింగ్‌కు ఆగవలసి రావచ్చు.

సముద్రపుగాలి (విశాఖపట్నం)

నిచ్చెన వద్దండీ, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఈ యంత్రానికి రెండు చేతులూ కావాలి, అంటే నిచ్చెనను పట్టుకోవడానికి చేయి మిగలదు. పొడుగు కర్రకు బిగించి, తల వంచుకోగలిగే పోల్ ట్రిమ్మర్లు వేరుగా దొరుకుతాయి, నేల మీద నిలబడే కొట్టవచ్చు. ఒక్క గన్నేరు వరుస కోసమే అయితే కొనకుండా, ఏడాదికోసారి తోటపనివారిని పిలిపించండి. గన్నేరు మొక్క మొత్తం విషమే. కళ్లజోడు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ ముట్టనివ్వకండి. కొట్టిన రెమ్మలను పశువులకు అందే చోట వేయకండి, తగలబెట్టకండి, ఆ పొగ కూడా హాని చేస్తుంది. మీ దురంటా కాయలూ విషపూరితమే గనుక చిన్నపిల్లలు వచ్చే ఇల్లయితే కత్తిరించిన వెంటనే ఊడ్చి గోనెసంచిలో కట్టేయండి.